యథాస్థితిలో అత్తయ్య పళ్ళు

వినియోగదారుడు మేలుకోవాలని ఎవరు కోరుకున్నారో గానీ, మా గంటవరంలో మేలుకున్నది మా ఆయన ఒక్కరే. మిగతా ఊరంతా హాయిగా నిద్రపోతూనే ఉంది. మేలుకున్న మనిషితో కాపురం ఎలా ఉంటుందో నన్నడగండి, చెబుతాను.

మా ఆయన పేరు పద్మనాభం. సొసైటీ ఆఫీసులో గుమాస్తా. జిల్లా కేంద్రంలో వినియోగదారుల చైతన్య సదస్సు జరుగుతోందని, భోజనాలు బాగుంటాయని ఎవరో చెబితే వెళ్ళారు. వెళ్ళినవారు వెళ్ళినట్టు తిరిగి రాలేదు. చొక్కాకి బ్యాడ్జీ, చంకలో చట్టం పుస్తకం, మొహంలో ఎన్నడూ లేని వెలుగు వెంటపెట్టుకుని వచ్చారు. ఆ మర్నాడే కూరలమ్మే అప్పాయమ్మ కొసరుగా ఇచ్చిన కొత్తిమీరకి రసీదు అడిగారు. ఆ మహాతల్లి గంప నెత్తిన పెట్టుకుని, ఆయన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. ఇప్పుడు నేను సంత దాకా నడుస్తున్నాను.

అలాంటి ఇంట్లోకి ఒక బీరువా వచ్చింది.

కొత్త బీరువా వస్తే మా ఇళ్ళలో ఒక పద్ధతుంది. మంచి గడియ చూసి, పసుపు రాసి బొట్లు పెట్టి, ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా విలువైన వస్తువు లోపల పెట్టి తలుపు వేసి, హారతిచ్చి, ఆ తర్వాత తీయాలి. ఖాళీ బీరువా మూస్తే ఇల్లు ఖాళీ అవుతుందట. పురోహితులవారు "బంగారం పెట్టండమ్మా" అన్నారు. మా బంగారమంతా బ్యాంకులో తాకట్టులో కూర్చుంది. ఆ సంగతి పురోహితుడి ముందు, పక్కింటి వాళ్ళ ముందు ఒప్పుకోవడానికి మా అత్తయ్య మాణిక్యాంబగారి ప్రాణం ఒప్పలేదు.

"ఉండండి, తెస్తా" అని లోపలికి వెళ్ళారు. మూతి మీద పమిట కప్పుకుని, వెండి డబ్బా ఒకటి రెండు చేతులా పట్టుకుని వచ్చారు. బీరువా మధ్య అరలో భక్తిగా పెట్టారు. పురోహితులవారు బంగారమే అనుకుని గొంతు పెంచి లక్ష్మీ మంత్రాలు చదివారు. డబ్బాలో ఉన్నది అత్తయ్యగారి కొత్త పళ్ళ సెట్టు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మా ఇంట్లో అంతకు మించిన ఖరీదైన వస్తువు లేనే లేదు.

మా ఆయన తలుపు వేసి తాళం తిప్పారు. టక్కుమంది. ఆ వెనకే కిర్రుమంది. హారతి అయ్యాక తీయబోతే తాళంచెవి అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు గిరగిరా తిరుగుతోంది. తలుపు మాత్రం రాలేదు.

"అయ్యో, బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసే మస్తాన్ ఉన్నాడుగా, కబురు పెట్టనా?" అన్నాను.

మా ఆయన రెండు చేతులూ బార్లా చాపి బీరువాకి అడ్డంగా నిలబడ్డారు. ఆ మొహంలో అంత ఆనందం మా పెళ్ళిలో కూడా చూడలేదు నేను.

"ఖబడ్దార్ సుభాషిణీ! ఇది బీరువా కాదు, సాక్ష్యం! మస్తాన్ చెయ్యి పడిందా, కేసు పోయింది. వినియోగదారుడు రాజు. రాజు తాళాలు పగలగొట్టుకోడు. న్యాయం అడుగుతాడు."

"రాజుగారి అమ్మగారు మధ్యాహ్నం భోజనం ఎలా చేస్తారండీ?" అని అడిగాను. రాజు వినలేదు. అత్తయ్య పేరు మీద ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు.

అత్తయ్యని వెంటపెట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాం. అక్కడ సూపరింటెండెంటుగారు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"సదరు దంతములు స్థిరాస్తియా? చరాస్తియా?"

మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆయనే కాసేపు ఆలోచించి, ఫైల్లో తన చేత్తో ఇలా రాసుకున్నారు: నోటియందు అమరి ఉన్నచో స్థిరాస్తి, డబ్బాయందు ఉన్నచో చరాస్తి. ప్రస్తుతము చరాస్తి గనుక ఫిర్యాదు స్వీకరించడమైనది. రాసి, ఎంతో తృప్తిగా ఊపిరి వదిలారు.

"మా పళ్ళు ఎప్పుడొస్తాయి నాయనా?" అని అత్తయ్య పమిట చాటునుంచే అడిగారు.

"కంగారు పడకండి మామ్మగారూ. చట్టం తన పని తాను చేసుకుపోతుంది. అంతవరకు జావ తాగండి. ఒంటికి మంచిది."

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. మా ఆయన నడిహాల్లో నిలబడి పైకి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము సదరు బీరువాను, దాని తలుపును, తాళమును యథాస్థితిలో ఉంచవలెను. తెరచుట, తెరువ యత్నించుట, తెరువవలెనను ఉద్దేశముతో సమీపించుట నిషిద్ధము."

మేం ఏ ఉద్దేశంతో సమీపిస్తున్నామో బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? అందుకని మా ఆయన ఆ గదిలోకే ఎవరూ వెళ్ళకూడదన్నారు. గడప మీద సుద్దతో గీత గీశారు. ఆ రోజు నుంచీ మా పడకలు హాల్లోకి మారాయి. బీరువా మీద దుమ్ము పేరుకుందని తుడవబోతే, "ఆ దుమ్ము కూడా యథాస్థితే" అన్నారు. దాని మీదికి ఒక సాలీడు కాపురానికొచ్చింది. గదిలో దానికొక్కదానికే స్వేచ్ఛ.

సీలు వెయ్యడానికి కమిషన్ డఫేదారు వచ్చాడు. లక్క కరిగించి తలుపు అంచున పోసి, ఎర్రగుడ్డలో చుట్టి తెచ్చిన ఇత్తడి ముద్ర తీశాడు. ఉత్సవ విగ్రహాన్ని తీసినట్టు తీశాడు.

"దీనికి జోడీ లేదమ్మా, ఇదొక్కటే. ఇది పడని కాగితం మా ఆఫీసులో కాగితమే కాదు. అధ్యక్షులవారి జీతం బిల్లైనా సరే, దీని కిందికి రావాల్సిందే."

నేను కాఫీ ఇచ్చాను. అతను కాఫీ తాగుతున్నంత సేపూ ముద్రని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

బీరువా అమ్మిన వజ్రకవచ స్టీల్ ఫర్నిచర్ వారు జవాబు దాఖలు చేశారు. వాళ్ళ వకీలు దాన్ని కమిషన్ ముందు రాగం తీస్తూ చదివాడు.

"మహాశయులారా! బీరువా యొక్క పరమ ప్రయోజనమేమి? తెరుచుకోకుండుట! మా కక్షిదారు అమ్మిన బీరువా యజమానికే తెరుచుకోలేదనిన, దొంగకేమి తెరుచుకొనును? ఇది లోపము కాదు, అదనపు నాణ్యత. దీనికి అదనంగా సొమ్ము అడగకపోవుట మా కక్షిదారు ఔదార్యము. పైపెచ్చు, లోపల పళ్ళున్నవని రుజువేదీ?"

ముగ్గురు సభ్యుల బెంచీ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడింది. మధ్యలో కూర్చున్న అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"పళ్ళు లోపల ఉన్నవో లేవో తెలియవలెనన్న తలుపు తీయవలెను. తలుపు తీయరాదని మేమే ఉత్తర్వు ఇచ్చియున్నాము. కావున పళ్ళు నోట్లో లేవని నిరూపించిన చాలును. ఫిర్యాది నోరు తెరువవలెను."

అత్తయ్య కదల్లేదు. పమిట కొంగు నోటి మీద ఇంకా బిగించారు. మామయ్యగారి ఎదుట కూడా పళ్ళు లేకుండా కనబడని మనిషి. పక్కనున్న సభ్యురాలుగారు "మాదీ ఆడపుట్టుకే అమ్మా, ఫరవాలేదు" అన్నారు. కోర్టు హాలంతా మెడలు సాచింది. అత్తయ్య కళ్ళు మూసుకుని నోరు తెరిచారు.

"రాసుకోండి. నోరు ఖాళీ" అన్నారు అధ్యక్షులవారు.

వకీలు ఊరుకుంటాడా? "ఇంటికెళ్ళి వేరే పళ్ళు కట్టించుకున్నచో నష్టమే లేదనవచ్చును గదా!" అన్నాడు.

అధ్యక్షులవారు మెచ్చుకోలుగా తలాడించారు. "సరియైన పాయింటు. ఫిర్యాది నోటిని సైతం యథాస్థితిలో ఉంచవలెనని ఉత్తర్వు."

మా ఆయన వంగి నమస్కారం పెట్టారు. మొదటి విజయమట! నేను ఆయనకి తొడపాశం పెట్టాను, అది కూడా తెలియలేదు. రెండు రోజుల ముందే ఎవరికీ చెప్పకుండా అత్తయ్యని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, కొత్త సెట్టుకి అచ్చు ఇప్పించి వచ్చాను. ఇప్పుడది కోర్టు ధిక్కారం అయిపోయింది. డాక్టరుగారికి ఫోన్ చేసి ఆపించేశాను.

అసలు మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ నోటికి నేను భయపడని రోజు లేదు. పోపు మాడితే ఒక పాట, మాడకపోతే ఇంకో పాట. మామయ్యగారైతే చెవుడు తెచ్చుకుని, చెవి మిషన్ డ్రాయర్లో పడేసి సుఖంగా ఉండేవారు. అలాంటి మనిషి నోరు విప్పడం మానేశారు. పళ్ళు లేకుండా మాట్లాడితే గాలి పోతుందని సిగ్గు. పెరటి గుమ్మంలో గోడ వైపు తిరిగి కూర్చునేవారు. జావ గ్లాసు పెడితే తాగేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు.

మొదటి నాలుగు రోజులూ నాకు పండగే, ఎందుకు దాస్తాను? ఆ తర్వాత ఇల్లు పాడుబడ్డట్టు అనిపించింది. ఒకరోజు కావాలనే చారులో ఉప్పు వెయ్యడం మానేశాను, తిడతారేమోనని. ఆవిడ చారన్నం మెత్తగా పిసుక్కుని మాట్లాడకుండా మింగేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఇంకో రోజు మామయ్యగారు డ్రాయర్ వెతికి చెవి మిషన్ తీసి పెట్టుకున్నారు. పెరట్లోకి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, "ఏమే మాణిక్యం, ఏదో ఒకటి అనవే" అన్నారు. ఆవిడ గోడ వైపు నుంచి తల తిప్పలేదు.

ఇంతలో ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తయ్య, ఫోన్ చేశారు. చిన్నమామయ్యగారి షష్టిపూర్తి దగ్గర పడింది.

"మా పెళ్ళిలో మంగళహారతి పాడింది మా అక్క. ఇప్పుడూ మా అక్కే పాడాలి. అక్క పాడకపోతే నేను పీటల మీద కూర్చోను, ఆయన్ని ఒక్కరినే కూర్చోమను" అని ఆవిడ గొడవ.

ఫోన్ పెట్టేశాక అత్తయ్య పమిటతో కళ్ళు ఒత్తుకున్నారు. అప్పుడు కొడుకుని పిలిచి, పళ్ళు పోయాక మొదటిసారి అంత పొడుగు మాట మాట్లాడారు. "ఒరే పద్దూ, నాకు రాజ్యం వద్దురా. నా పళ్ళు నాకిప్పించు."

మేలుకున్నవాడైనా కొడుకే కదా. మా ఆయన మొహం వాడిపోయింది. ఆ పూటే కూర్చుని అత్యవసర పిటిషన్ రాశారు.

కమిషన్ వారు అత్యవసరాన్ని గుర్తించి, షష్టిపూర్తికి సరిగ్గా ముందు రోజుకి వాయిదా వేశారు. "తెరుచుకోకుండుటను మేము ప్రత్యక్షముగా పరిశీలింతుము. బీరువాను హాజరుపరచవలెను" అని ఉత్తర్వు.

ట్రాలీ ఆటో మాట్లాడాం. అత్తయ్య ముందు సీట్లో కూర్చోనన్నారు. వెనక బీరువా పక్కనే పాత దుప్పటి మడిచి వేసుకుని కూర్చుని, దాని మీద చెయ్యి వేశారు. నేనూ ఎక్కాను. గంటవరం నుంచి జిల్లా కేంద్రానికి రోడ్డు గురించి ఏం చెప్పను? గోతుల మధ్య అక్కడక్కడా రోడ్డుంది. ప్రతి గోతికీ బీరువా కడుపులో గళగళమని చప్పుడు. ఆ చప్పుడు వినగానే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉన్నాయే సుభాషిణీ!" అన్నారు. కళ్ళలో నీళ్ళు, పమిట వెనక నవ్వు.

బీరువాని నలుగురు మోసి బెంచీ ముందు నిలబెట్టారు. డఫేదారు ఉత్తర్వు చూపించి, నమస్కారం చేసి, లక్క సీలు పగలగొట్టాడు. అధ్యక్షులవారు మా ఆయన వైపు చూశారు.

"ఫిర్యాది పక్షము వారు తలుపు తీయుటకు యత్నించి, విఫలులు కావలెను."

మా ఆయన తాళంచెవి పెట్టి తిప్పి, చేతి పిడి పట్టుకుని చిన్నగా లాగారు. తలుపు నిక్షేపంగా తెరుచుకుంది. గోతుల దెబ్బకి లోపల ఏ మర ఎటు సర్దుకుందో!

వకీలు ఎగిరి గంతేశాడు. "తెరుచుకున్నది! లోపము లేదు! ఫిర్యాదు కొట్టివేయవలెను!"

"లేదండీ, ఇది తెరుచుకునేది కాదండీ! మా ఇంట్లో ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ!" అంటూ మా ఆయన తలుపు మళ్ళీ మూసెయ్యబోయారు. కేసు పోతుందన్న కంగారులో పళ్ళ సంగతే మర్చిపోయారు మహానుభావుడు.

అప్పుడు లేచారు మా అత్తయ్య. చక్కగా నడిచి వెళ్ళి కొడుకుని మోచేత్తో పక్కకి నెట్టారు. మధ్య అరలోంచి వెండి డబ్బా తీసి, గోడ వైపు తిరిగి, ఒక్క క్షణంలో ఇటు తిరిగారు. పమిట కిందికి జారింది. ఆ నోట్లో రెండు వరసలూ ధగధగా మెరుస్తున్నాయి.

"ఒరే పద్దూ, నీ చట్టం పుస్తకం పొయ్యిలో పెడతా ఉండు. నువ్వేంటమ్మాయ్ సుభాషిణీ, ఆ రోజు చారులో ఉప్పెందుకు వెయ్యలేదు? మర్చిపోయాననుకున్నావా?"

నాకు ఎంత సంతోషమైందో! కోర్టు అని కూడా చూడకుండా ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను.

"అభ్యంతరం!" అని వకీలు అరిచాడు. "ప్రధాన సాక్ష్యము సాక్షి నోట్లో ఉన్నది!"

అధ్యక్షులవారు బల్ల గుద్దారు. "దంతములను యథాస్థానమున ఉంచవలెను. డఫేదార్! స్వాధీనపరచుకో!"

డఫేదారు రెండడుగులు ముందుకేసి అత్తయ్య మొహం చూశాడు. అత్తయ్య పళ్ళు చూపించారు. అతను మూడడుగులు వెనక్కి వేశాడు.

"పళ్ళకి యథాస్థానం నోరు కాక బీరువానా నాయనా? ఏ చదువు చదివి చెబుతున్నావు?" అన్నారు అత్తయ్య.

సూపరింటెండెంటుగారు గాభరాగా ఫైలు పట్టుకొచ్చి, అధ్యక్షులవారి చెవిలో అందరికీ వినబడేలా చెప్పారు. "సార్, మన ఫైలు ప్రకారం నోట్లో అమరితే స్థిరాస్తి సార్. స్థిరాస్తిని కదపాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళాలి. మన పరిధి కాదు."

బెంచీ మళ్ళీ తలలు దగ్గర పెట్టింది. చివరికి అధ్యక్షులవారు గంభీరంగా తీర్పు చెప్పారు. "దంతములపై ఈ కమిషన్‌కు అధికార పరిధి లేదు. కానీ బీరువాపై కలదు. మా ఉత్తర్వు ప్రకారము బీరువా మూసియుండవలెను. ఇప్పుడు తెరిచియున్నది. ఇది ధిక్కారము. తక్షణము మూసి, సీలు వేయవలెను."

తలుపు బరువైనది. రెండు చేతులూ కావాలి. డఫేదారు చేతిలో లక్క, కొవ్వొత్తి, ఎర్రగుడ్డ మూట ఉన్నాయి. వాటిని ఎదురుగా కనబడిన మధ్య అరలో జాగ్రత్తగా పెట్టి, రెండు చేతులా తలుపు నెట్టి, తాళం తిప్పాడు.

టక్కుమంది. ఆ వెనకే కిర్రుమంది.

ఆ కిర్రు నాకు తెలుసు. అత్తయ్యకి తెలుసు. మా ఆయనకి తెలుసు. మేం ముగ్గురం ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"సీలు వెయ్యవయ్యా" అన్నారు అధ్యక్షులవారు.

డఫేదారు తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. బీరువాని చూశాడు. తాళంచెవి తిప్పాడు. అది గిరగిరా తిరిగింది.

"ముద్ర లోపలుండిపోయింది సార్."

"అయితే తెరువు!"

"తెరువరాదని ఉత్తర్వు ఉంది సార్" అన్నారు సూపరింటెండెంటుగారు.

"అది రద్దు చేయుచు ఇంకొక ఉత్తర్వు రాయండి!"

"రాస్తాను సార్. ముద్ర పడాలి సార్."

వకీలు మెల్లిగా కాగితాలు సర్దుకున్నాడు. అధ్యక్షులవారు గోడ మీద క్యాలెండరు వైపు చూశారు. నెలాఖరు.

మేం చిన్నత్తయ్య వాళ్ళ ఊరి బస్సెక్కాం. మర్నాడు పీటల ముందు నిలబడి అత్తయ్య హారతి పాడుతుంటే పందిరంతా చెవులప్పగించి విన్నది. ఒక్క అక్షరం గాలికి పోలేదు. చిన్నత్తయ్య పీటల మీదే వెక్కి వెక్కి ఏడ్చారు. మామయ్యగారు మొదటి వరసలో కూర్చుని, చెవి మిషన్ వేలితో నొక్కి పట్టుకుని విన్నారు.

ఫలహారాల దగ్గర మా ఆయన ఫోన్ మోగింది. అవతల సూపరింటెండెంటుగారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

"పద్మనాభంగారూ, మీ ఊళ్ళో తాళాలు బాగుచేసే మనిషెవరో ఉన్నాడటగా? అనధికారికంగానేలెండి. ఆఫీసులో ఒక్క కాగితం కదలడం లేదు. జీతాల బిల్లు ఆగిపోయింది. అధ్యక్షులవారు చాలా కంగారుగా ఉన్నారు."

మా ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, ఏం చెప్పాలో తోచక మా వైపు చూశారు. పళ్ళెం నిండా చెగోడీలు పెట్టుకుని కూర్చున్న అత్తయ్య ఎడం చెయ్యి చాపి ఫోన్ అందుకున్నారు.

"కంగారు పడకు నాయనా. చట్టం తన పని తాను చేసుకుపోతుంది. అంతవరకు మీ అయ్యగారిని జావ తాగమను. ఒంటికి మంచిది" అని చెప్పి, చెగోడీని కటుక్కున కొరికారు.